ఎల్లోస్టోన్‌లో వేళ చూసుకోవాలి

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ చూడాలనుకుంటే ఎక్కువగా జూన్, జూలై నెలల్లోనే ప్రయాణం పెట్టుకుంటారు. పిల్లలకు బడి ఉండదు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చలి బాధ ఉండదు, రోడ్లూ హోటళ్లూ అన్నీ తెరిచి ఉంటాయి. కారణాలన్నీ సబబైనవే. సెలవు కుదరకో, గదులు దొరకకో ఆ ప్రయాణం దసరా రోజులకు జారిపోతే మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడతారు. వెళ్లినా వేసవికి వేసుకున్న జాబితానే పట్టుకుని వెళతారు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, రంగుల కొలను, జలపాతం, సరస్సు, మామత్ సున్నపురాతి మెట్లు, లమార్ లోయ అన్నీ మూడు రోజుల్లో అయిపోవాలి. పొద్దు త్వరగా వాలుతుంది, కొన్ని హోటళ్లు మూసి ఉంటాయి, తెల్లారి లేస్తే కారు అద్దం మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. దాంతో శరదృతువంటే కోత పడిన వేసవిలాగే అనిపిస్తుంది. నిజానికి ఆ రోజుల్లో ఎల్లోస్టోన్ చూపించేవి వేరు. అవి పటంలో గుర్తుపెట్టుకునే చోట్ల కంటే గడియారం చూసుకుని పట్టుకోవాల్సిన సంగతులు. మూడు నాలుగు రోజులే చేతిలో ఉంటే, పార్కంతా చుట్టిరావాలన్న పట్టు వదిలి ఒకటి రెండు చోట్ల నిలిచిపోయి, ఏ వేళకు ఏది జరుగుతుందో తెలుసుకుని చూడటమే మేలని నా వాదన.

ఎల్లోస్టోన్ ప్రపంచంలో మొట్టమొదటి నేషనల్ పార్క్. 1872 మార్చి 1న అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకంతో ఏర్పడింది. దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్ల ఈ నేలలో అధిక భాగం వయోమింగ్ రాష్ట్రంలో ఉంది, అంచులు మాత్రం మోంటానా, ఐడహోల్లోకి చొచ్చుకుపోయాయి. దీని కింద ఉన్నది అగ్నిపర్వతం. సుమారు 6 లక్షల 40 వేల ఏళ్ల కిందట అది పేలి కుంగినప్పుడు ఏర్పడ్డ గొయ్యి ఎంత పెద్దదంటే, అందులో నిలబడ్డవాళ్లకు గొయ్యిలో ఉన్నామన్న సంగతే తెలియదు. ఆ అడుగు వేడి వల్లే ఇక్కడ వేడినీటి ఊటలు, బురద గుండాలు, ఆవిరి బిలాలు, ఉండుండి నీటిని ఆకాశంలోకి చిమ్మే గీజర్లు అన్నీ కలిపి పదివేలకు పైగా ఉన్నాయి. ముఖ్యమైన చోట్లను కలుపుతూ 8 అంకె ఆకారంలో 228 కిలోమీటర్ల రోడ్డు ఉంది. అసలు చిక్కు ఆ రోడ్డుతోనే. హైదరాబాదు నుంచి విజయవాడ అంత దూరం కూడా లేదు కదా, ఒక్క రోజులో చుట్టేయొచ్చు అనిపిస్తుంది. అయితే ఎక్కువ చోట్ల గంటకు 72 కిలోమీటర్లకు మించి పోకూడదు. బైసన్ దున్నల మంద రోడ్డెక్కిందంటే అది దిగేదాకా ఆగాల్సిందే. జూన్‌లో పదిహేను గంటలకు పైగా ఉండే పగలు అక్టోబరు నడుమకు పదకొండు గంటలకు కుంచించుకుపోతుంది. ఆ పదకొండు గంటల్లో చుట్టు పూర్తిచేయాలని బయల్దేరిన కుటుంబం తెల్లవారుజామునా, పొద్దుగూకే వేళా కారులోనే ఉండిపోతుంది. శరత్తులో చూడదగ్గవి ఎక్కువగా జరిగేది సరిగ్గా ఆ రెండు వేళల్లోనే.

శరత్తులో వెళ్లడానికి చాలామంది చెప్పే కారణం, ఆ రోజుల్లో జనం తక్కువని. అది సగమే నిజం. 2021 జూలైలో ఒక్క నెలలోనే పది లక్షలకు పైగా సందర్శకులు వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చినవాళ్లు అందులో మూడో వంతు కూడా లేరు. సెప్టెంబరు మాత్రం ఇప్పుడు ఖాళీ నెల కానే కాదు. బడి పిల్లలు లేని జంటలు, పదవీ విరమణ చేసినవాళ్లు ఆ నెలను ఎప్పుడో కనిపెట్టేశారు. కాబట్టి రద్దీ తప్పించుకోవడమే శరత్తుకు కారణమనుకుంటే ఆ వాదన ఏటేటా పలచబడుతుంది. దానికంటే గట్టి కారణాలు జంతువుల్లో, నీళ్లలో, చెట్లలో ఉన్నాయి.

ముందు ఎల్క్ సంగతి. మన దుప్పికి దూరపు చుట్టమే గానీ మగది మూడు వందల కిలోలు దాటి తూగుతుంది. ఏటా రాలిపోయి ఏటా మొలిచే కొమ్ములు వసంతం నుంచి పెరుగుతూ వస్తాయి. అలా పెరిగినన్నాళ్లూ వాటి మీద రక్తనాళాలున్న మెత్తని నూగు చర్మం ఉంటుంది. ఆగస్టులో ఆ చర్మం ఎండి పీలికలుగా ఊడుతుంటే, ఎల్క్ కొమ్ములను పొదలకూ చెట్లకూ రుద్ది రాల్చుకుంటుంది. సెప్టెంబరు వచ్చేసరికి కొమ్ము గట్టి ఎముకై, ఒరిసి ఒరిసి మొనలు తెల్లగా తేలుతాయి. అక్కడి నుంచి అక్టోబరు నడుమ దాకా జతకట్టే కాలం. మగది బురదలో పొర్లి, తన మూత్రంతోనే ఒళ్లు తడుపుకుని, ఆ ఘాటుతో ఆడవాటి మందను చుట్టుముట్టి కాపలా కాస్తుంది. మెడ చాచి, తల వెనక్కి వంచి అరుస్తుంది. ఆ ఒళ్లు చూసి గర్జన వస్తుందనుకుంటాం. కానీ లోతైన మూలుగుతో మొదలైన గొంతు గబగబా పైకెక్కి, పిల్లనగ్రోవి పైస్థాయిలో చీలినట్టు సన్నని కీచుగా సాగి, చివర నాలుగైదు గుర్రుమనే గురకలతో ఆగుతుంది. లోయ అవతలి నుంచి ఇంకొకటి జవాబిస్తుంది. ఈ కూతల్లో ఎక్కువ భాగం తెల్లవారుజామునా, సాయంత్రం చీకటి పడేముందూ వినిపిస్తాయి. నడిమధ్యాహ్నం అవే జంతువులు నీడన పడుకుని నెమరేస్తుంటాయి. పార్కు ఉత్తర కొసన ఉన్న మామత్ హాట్ స్ప్రింగ్స్‌లో, పాతకాలపు సైనిక కట్టడాల మధ్య ఉన్న పచ్చికలోనే ఈ తతంగమంతా నడుస్తుంది. పదకొండింటికి అక్కడ ఆగి రెండు ఫొటోలు తీసుకుని వెళ్లినవాళ్లు ఎల్క్‌ను చూశామనే అంటారు. కాదనలేం గానీ, వాళ్లు చూసింది నిద్రపోతున్న ఎల్క్‌ని.

దీని వెనక ఇంకో లెక్క ఉంది. ఆ నాలుగైదు వారాలూ మగ ఎల్క్ తిండి సరిగా తినదు. వేసవంతా కూడబెట్టిన కొవ్వును కూతల్లో, కుమ్ములాటల్లో ఖర్చుచేసి, బక్కచిక్కి చలికాలంలో అడుగుపెడుతుంది. అలా నీరసించినవి తోడేళ్లకు సులువుగా చిక్కుతాయి. ఎల్లోస్టోన్‌లో తోడేళ్లను మనుషులే 1926 నాటికి తుడిచిపెట్టారు. మళ్లీ 1995లో 14, 1996లో 17 తోడేళ్లను కెనడా నుంచి తెచ్చి వదిలారు. ఈశాన్యాన ఉన్న లమార్ లోయ అప్పటి నుంచి తోడేళ్లను చూడాలనుకునేవాళ్లకు పేరుపడ్డ చోటైంది. విశాలమైన గడ్డి మైదానం కాబట్టి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల అవతల కదలికను కూడా దుర్భిణిలో పట్టుకోవచ్చు. అక్కడా వేళ ముఖ్యం. తెల్లారకముందే చేరినవాళ్లకు ఉన్న అవకాశం తొమ్మిది తర్వాత వచ్చినవాళ్లకు ఉండదు.

ఎలుగుబంటి కథ ఇంకా లోతైనది. వేసవి చివర నుంచి గ్రిజ్లీ ఎలుగుకు అంతులేని ఆకలి పుడుతుంది. రోజుకు 20 వేల క్యాలరీల దాకా తినగలదు. నవంబరు ప్రాంతంలో గుహ చేరి, వసంతం దాకా తిండీ నీళ్లూ లేకుండా గడపాలి మరి. ఆడ ఎలుగు విషయంలో ఈ తిండికి ఇంకో అర్థం ఉంది. అది జతకట్టేది వేసవి ఆరంభంలో. ఫలదీకరణమైన అండం మాత్రం వెంటనే గర్భసంచిలో నాటుకోదు, నెలల తరబడి అలా తేలుతూ ఉంటుంది. శరత్తు చివరికి తల్లి ఒంట్లో చాలినంత కొవ్వు చేరితేనే నాటుకుంటుంది, చేరకపోతే ఆ ఏడు పిల్లలు లేనట్టే. జనవరి, ఫిబ్రవరి చలిలో పుట్టే పిల్ల బతుకు అక్టోబరు తిండి మీద తేలుతుందన్న మాట. ఈ తిండిలో ఒక ముఖ్యమైన భాగం కొండల పైఎత్తుల్లో పెరిగే వైట్‌బార్క్ పైన్ గింజలు. ఈ చెట్టు కాయ తనంతట తాను విచ్చుకోదు. నట్‌క్రాకర్ అనే బూడిదరంగు పిట్ట ముక్కుతో చీల్చి, గింజలు తీసి, ఏటా వేలకొద్దీ నేలలో దాచిపెడుతుంది. అది మరిచిపోయిన గింజలే మొలకలవుతాయి. ఉడుతలేమో కాయలను కొమ్మ నుంచి కొరికి కిందికి రాల్చి, చెట్టు మొదట్లో కుప్పపోసి దాస్తాయి. ఎలుగు చెట్టెక్కే శ్రమ పడకుండా నేరుగా ఆ ఉడుత గాదెను తవ్వుకుంటుంది. తుప్పు తెగులూ, బెరడు తొలిచే పురుగూ కలిసి ఈ పైన్ చెట్లను ఎంతగా దెబ్బతీశాయంటే, 2022లో అమెరికా ప్రభుత్వం వీటిని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించింది. కొండ ఎక్కి ఆ గాదెలను చూడమని ఎవరికీ చెప్పను, అది ఎలుగు వంటింట్లోకి దూరడమే. కానీ శరత్తులో దూరాన కొండవాలు మీద తలవంచుకుని తవ్వుతూ కనిపించే ఎలుగు ఏం చేస్తున్నదో తెలిసి చూస్తే, అరగంట చూసినా చాలదనిపిస్తుంది.

వేడినీటి ఊటల దగ్గర మాత్రం వేళ లెక్క తిరగబడుతుంది. చలి తెల్లవారుజామున ఆవిరి చిక్కబడి, గీజర్ల లోయంతా తెల్లటి పొగమేఘంలో మునిగిపోతుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ సుమారు గంటన్నరకోసారి చిమ్ముతుంది కాబట్టి పొద్దున్నే చూసినా నష్టం లేదు, చల్లగాలిలో ఆవిరి స్తంభం ఇంకా నిండుగా లేస్తుంది. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల కొలను అలా కాదు. పొద్దున ఎనిమిదింటికి వెళితే తెల్ల ఆవిరి తప్ప మరేమీ కనపడక, ఇంత దూరం ఇందుకా వచ్చామని ఉసూరుమంటూ తిరిగిపోయేవాళ్లు చాలామంది. ఎండెక్కి గాలి వెచ్చబడ్డాక, మధ్యాహ్నం వేళ పక్క గుట్ట మీద కట్టిన వేదిక నుంచి చూడాలి. నడుమ గాఢమైన నీలం, దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుకరంగు వలయాలు. నడుమ నీళ్లు అంత వేడిలో ఏ రంగూ అంటకుండా తేటగా ఉంటాయి, నీలం ఆ లోతు నీటిది. చుట్టూ ఉన్న రంగులు ప్రాణమున్నవి. ఒక్కో వేడికి ఒక్కో రకం సూక్ష్మజీవులు పొరలుగా పేరుకుని ఆ వలయాలు ఏర్పడతాయి. ఇలాంటి ఒక ఊటలోనే 1960లలో శాస్త్రవేత్త టామస్ బ్రాక్, అప్పటికి విద్యార్థిగా ఉన్న హడ్సన్ ఫ్రీజ్ కనుగొన్న సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఎంజైముతోనే పీసీఆర్ పరీక్ష వాడుకలోకి రాగలిగింది. కొవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతి ఇంటికీ ఈ కొలనుల రుణం ఎంతోకొంత ఉంది.

రంగుల విషయంలో శరత్తుకే చెందిన ఒక విచిత్రముంది. ఆకుల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. పగలు తగ్గేకొద్దీ చెట్టు తన పచ్చదనాన్ని వెనక్కి తీసుకుంటుంది, అప్పటిదాకా దాని కింద దాగి ఉన్న పసుపు బయటపడుతుంది. కొలను అంచుల్లో జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. మండే ఎండల్లో ఆ సూక్ష్మజీవులు ఎండ దెబ్బ నుంచి కాచుకోవడానికి నారింజ, ఎరుపు రంగు పదార్థాలను ఎక్కువగా పెట్టుకుంటాయి. వెలుతురు తగ్గే కాలానికి ఆ అవసరం తగ్గి, పచ్చదనం వైపు మొగ్గుతాయి. గట్టు మీది చెట్టు పచ్చ నుంచి పసుపుకు పోతుంటే గట్టు పక్క నీటి పొర నారింజ నుంచి పచ్చకు బయల్దేరుతుంది, రెండింటికీ కారణం తగ్గుతున్న వెలుతురే. ఒకే మధ్యాహ్నం రెండింటినీ చూసే వీలు ఈ ఋతువులోనే ఉంది.

ఆకుల రంగుల కోసమైతే ఎల్లోస్టోన్ ఎందుకు, వెర్మాంట్‌కో స్మోకీ కొండలకో పోవచ్చు కదా అనేవాళ్లుంటారు. ఆ మాట నిజమే. ఎల్లోస్టోన్ అడవిలో నూటికి ఎనభై పాళ్లు లాడ్జ్‌పోల్ పైన్, అది ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. ఆస్పెన్ చెట్లు ఉత్తరపు లోయల్లో గుంపులు గుంపులుగా, సెప్టెంబరు రెండో సగంలో కొద్దిరోజులు మాత్రమే బంగారంలా మెరుస్తాయి. ఒక్క గట్టిగాలి వీస్తే ఆ మెరుపు నేలపాలు. కొండంతా ఎర్రబారాలనుకునేవాళ్లు వేరే చోటికి వెళ్లడమే న్యాయం. కానీ ఇక్కడి ఆ కొద్ది ఆస్పెన్లకూ చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. ఎల్క్ మందలు లేత మొక్కలను మేసేయడంతో దశాబ్దాల పాటు ఇవి ఎదగలేకపోయాయి. తోడేళ్లు తిరిగొచ్చాక కొన్ని చోట్ల మళ్లీ నిలదొక్కుకున్నాయి. ఆ ఘనత తోడేళ్లకు ఎంత చెందుతుందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది. 1988లో పార్కులో 36 శాతం నేల మీదుగా మంటలు పాకాయి. దాదాపు 25 వేల మంది సిబ్బంది పనిచేసినా, 12 కోట్ల డాలర్లు ఖర్చయినా వాటిని ఆపలేకపోయారు. చివరికి వాటి ఉద్ధృతిని అణిచింది సెప్టెంబరు 11న కురిసిన తొలిమంచు. ఆ బూడిదలో పైన్ విత్తనాలతో పాటు, ఆస్పెన్ కూడా గింజ నుంచి మొలకెత్తింది. మామూలుగా వేరు పిలకల ద్వారా పెరిగే చెట్టుకు అది అరుదైన సంగతి. ఈ రోజు రోడ్డు పక్కన ఒకే ఎత్తులో వత్తుగా పెరిగిన లేత పైన్ అడవి కనిపిస్తే, అందులో చాలా భాగం ఆ మంటల తర్వాత మొలిచిందే.

అసలైన అభ్యంతరం ఇంకొకటుంది. ఇంత దూరం వచ్చేది జీవితంలో ఒక్కసారి, అన్నీ చూడకుండా ఎలా వెళ్లిపోతాం? అమ్మానాన్నలు మళ్లీ వస్తారో లేదో తెలియని కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి నా జవాబు ఒకటే. శరత్తులో ఎలాగూ అన్నీ చూడలేం, కాబట్టి ఏది వదులుకోవాలో మనమే ఎంచుకోవాలి. జలపాతం సంగతే తీసుకోండి. 94 మీటర్ల లోయర్ ఫాల్స్ మీదుగా మంచు కరిగే రోజుల్లో సెకనుకు 2 లక్షల 40 వేల లీటర్ల నీరు దూకితే, శరత్తులో అది 19 వేల లీటర్లకు పడిపోతుంది. బైసన్ దున్నల పోరు ఆగస్టుతోనే ముగుస్తుంది, అడవిపూలు అప్పటికే వాడిపోతాయి. అవి వేసవి సొత్తు. వాటి కోసం శరత్తు పగటిని రోడ్డు మీద ఖర్చుపెట్టడం దండగ. రెండు రోజులు ఉత్తరాన మామత్‌లోనో, పార్కు గుమ్మంలో ఉన్న గార్డినర్ ఊళ్లోనో ఉంటే, తెల్లవారుజామున లమార్, సాయంత్రం ఎల్క్ కూతలు దక్కుతాయి. తర్వాత ఒకటి రెండు రోజులు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వైపు దిగితే ఆవిరి పొద్దులు, రంగుల మధ్యాహ్నాలు. రెండింటికీ మధ్య దూరం 82 కిలోమీటర్లు. ఒకే ఒక్కసారి మకాం మారిస్తే చాలు. పెద్దవాళ్లకు కూడా రోజుకు ఎనిమిది గంటలు కారులో కూర్చోవడం కంటే ఒకచోట కుర్చీ వేసుకుని లోయను చూడటమే సుఖం.

చలి, మూసివేతలు మాత్రం వాదనతో తీరేవి కావు. సెప్టెంబరు రాత్రులే సున్నా కిందికి దిగుతాయి, మంచు ఏ నెలలోనైనా పడవచ్చు. ఎత్తున ఉన్న డన్‌రేవన్ కనుమ ముందే మూతపడుతుంది, హోటళ్లూ పెట్రోలు బంకులూ ఒక్కొక్కటే తలుపులేస్తాయి, నవంబరు మొదటి రోజుల నుంచి దాదాపు అన్ని రోడ్లూ కార్లకు బంద్. గార్డినర్ నుంచి లమార్ మీదుగా కుక్ సిటీకి పోయే దారి ఒక్కటే ఏడాదంతా తెరిచి ఉంటుంది. అందుకే సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు రెండో వారం లోపు ప్రయాణం పెట్టుకుంటే అన్నీ కలిసొస్తాయి. బడి పిల్లలున్నవాళ్లకు ఆ రోజులు కుదరకపోతే వేసవిలో వెళ్లడమే మంచిది, దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లను రెండు వేల మీటర్ల ఎత్తున, చలిగాలిలో తెల్లవారుజామున నిలబెట్టే ముందు డాక్టరును అడగాలి.

చివరిగా, అందరూ శరత్తులో రావడం మొదలుపెడితే ఆ జంతువుల గతేమిటన్న ప్రశ్న. నాకు అన్నిటికంటే బరువుగా తోచే అభ్యంతరం ఇదే. చలికాలానికి తిండి కూడబెట్టుకునే జంతువును అదిరిస్తే, దానికి పోయేది ఒక్క పూట కాదు. పైన్ గింజలు సరిగా కాయని ఏడాది ఎలుగులు పల్లానికి దిగి రోడ్ల దగ్గరికి వస్తాయి. అంటే మనకు ఎలుగు సులువుగా కనిపించిందంటే దానికి ఆ ఏడు గడ్డుకాలమై ఉండొచ్చు. ఎలుగులకూ తోడేళ్లకూ 91 మీటర్లు, ఎల్క్ లాంటి జంతువులకు 23 మీటర్లు ఎడంగా ఉండాలన్న పార్కు నిబంధన ఉన్నది అందుకే. జతకట్టే రోజుల్లో మగ ఎల్క్ కార్లనే కుమ్ముతుంది కాబట్టి ఆ నిబంధన మనకూ రక్షణే. జంతువు తల ఎత్తి మనవైపు చూసిందంటే అప్పటికే దగ్గరికి వచ్చేశామని లెక్క, వెనక్కి జరగాలి. ఈ విషయంలోనూ చుట్టు తిరిగేవాళ్ల కంటే నిలిచి చూసేవాళ్ల వల్లే జంతువుకు ఇబ్బంది తక్కువ. హడావిడిలో ఉన్నవాళ్లే ఫొటో కోసం కారు దిగి దగ్గరికి పరిగెడతారు. రెండు పొద్దులు అదే లోయ ముందు గడిపేవాళ్లకు ఆ తొందర ఉండదు. దుర్భిణి లేకపోయినా ఫర్వాలేదు, లమార్ రోడ్డు పక్క అడ్డాల్లో ముక్కాలి పీట మీద పెద్ద దుర్భిణులు బిగించుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తారు. మర్యాదగా అడిగితే చాలామంది పక్కకు జరిగి ఒకసారి చూడనిస్తారు.